ఎర్ర చీరలు కట్టిన పది రోజులు

పోయిన నెలలో మా మనవరాలు నన్ను హైదరాబాదులో తన ఆఫీసుకి తీసుకెళ్ళింది. ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకొచ్చి చూపించే రోజట అది. అద్దాల మేడ, చల్లటి గాలి, అడుగు వేస్తే జారిపోతామేమో అన్నంత నున్నటి నేల. లోపలికి వెళ్ళగానే ఎదురుగా గోడ మీద మనిషంత అక్షరాలతో ఐదు మాటలు రాసి ఉన్నాయి. గౌరవం, నిజాయితీ, ఇంకా అలాంటివే. "ఇవేమిటే?" అని అడిగాను. "మా కంపెనీ విలువలు అమ్మమ్మా" అంది. పక్కనే ఒక బల్ల దగ్గర ఓ పిల్ల నా చేతికి కాగితం ఇచ్చి, మీరు ఉద్యోగం చేసే రోజుల్లో మీ మనసు ఎలా ఉండేదో గుర్తు పెట్టండి అంది. నవ్వే మొహం, ఏడ్చే మొహం, ఎటూ కాని మొహం, మూడు బొమ్మలున్నాయి. కళ్ళజోడు సవరించుకుని ఎంతసేపు చూసినా నా మొహం అందులో లేదు. "కోపంగా ఉన్న మొహం ఏదమ్మా?" అన్నాను. ఆ పిల్ల నవ్వి, "అది పెట్టలేదండీ" అంది.

ఎందుకు పెట్టలేదు? నన్ను ఇంతదాన్ని చేసింది ఆ మొహమే కదా. తర్వాత్తర్వాత నేను పంతులమ్మనయ్యాను, నాలుగు కథలు రాశాను, పేరు చివర గారు తగిలించి పిలిపించుకున్నాను. కానీ పని అంటే ఏమిటో, పనిచేసే చోట తలెత్తుకుని నిలబడడం అంటే ఏమిటో నేర్చుకున్నది మాత్రం పద్దెనిమిదేళ్ళ వయసులో, చీరాల శివార్లలో పర్చూరు వెళ్ళే రోడ్డు పక్కన ఉన్న ఒక పొగాకు షెడ్డులో. ఆ షెడ్డు గోడల మీద ఏమీ రాసి ఉండేది కాదు. రాసినా చదవగలిగినవాళ్ళం ఇద్దరమో ముగ్గురమో.

మాది నేత ఇల్లు. వాకిట్లో గంజి వాసన, లోపల గుంట మగ్గం, మగ్గం పక్కన చుట్టలు కట్టిన నూలు చిలపలు. మా నాన్న తెల్లవారగానే కాళ్ళు కడుక్కుని మగ్గానికి దణ్ణం పెట్టి గుంటలోకి దిగేవాడు. రంగు నూలు ఎంచాల్సి వస్తే మాత్రం పైకి వచ్చి, ఉతికిన తెల్ల పంచె ఒకటి నేలమీద పరిచి, దాని మీదే చిలపలు పెట్టి చూసేవాడు. పంచె మాసిపోయి ఉంటే ఆ పూట నూలు ఎంచేవాడు కాదు. మా నాయనమ్మ ఆ పంచెను విడిగా ఉతికి విడిగా ఆరేసేది. ఇదంతా నాకు పుట్టినప్పటి నుంచీ కళ్ళ ముందున్నదే. ఎందుకలా అని ఒక్కనాడూ అడగలేదు.

నాన్న చూపు మందగించింది. తెగిన పోగు వేలికి తగిలేది గానీ కంటికి ఆనేది కాదు. అల్లిక తప్పిన చీరలు రెండు మూడు వెనక్కి వచ్చాక, ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోయి, నేను పొగాకు షెడ్డుకి బయల్దేరాను. నేతవాళ్ళ పిల్ల పొగాకు పనికి వెళ్ళడమేమిటని వీధిలో మూతులు తిప్పుకున్నారు. తిప్పుకోనీ. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నా చేతుల నిండా పొగాకు బంక ఉండేది. కుంకుడు రసంతో రుద్దినా, చింతపండుతో తోమినా ఆ చేదు పోదు. ఆ చేత్తో అన్నం కలిపితే ముద్ద విషం. అందుకని పద్దెనిమిదేళ్ళ గాడిదకి మా నాయనమ్మ రోజూ పొద్దు వాలే వేళ గడప మీద కూర్చుని ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. పెడుతూనే తిట్టేది. తిడుతూనే ఇంకో ముద్ద పెట్టేది.

షెడ్డులో మేం ముప్ఫైమంది ఆడవాళ్ళం. బ్యారన్లనే వేడి కొట్లలో కాల్చి ఆరబెట్టి తెచ్చిన ఆకు మా ముందు కుప్పలుగా పోసేవాళ్ళు. ఒక్కొక్క ఆకునీ చేత్తో సాపు చేసి, రంగు చూసి, నిమ్మపండు రంగుది ఒక పక్కకి, నారింజ రంగుది ఒక పక్కకి, పచ్చ చాయ మిగిలినది ఇంకో పక్కకి వెయ్యాలి. పచ్చ చాయ ఆకు ఒక్కటి మంచి కట్టలో పడినా ఆ కట్ట మాట పోయినట్టే. సముద్రం మీంచి తేమగాలి వచ్చి ఆకు మెత్తబడితే పదునుకి వచ్చిందనేవాళ్ళం. పదును లేని ఆకు ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. పదునుకి వచ్చిన ఆకుని మళ్ళీ అలాగే కుప్పలో వదిలేస్తే వేడెక్కి నల్లబడిపోతుంది. వెలుతురు కోసం ఉత్తరం వైపు గోడంతా కిటికీలు పెట్టారు. తుమ్ములూ దగ్గులూ మధ్యలో పరాచికాలూ. వీధిలో ఒకరి గడప ఒకరు తొక్కని వాళ్ళం అక్కడ బెంచీల మీద మోకాలికి మోకాలు తగిలించుకుని కూర్చునేవాళ్ళం. మంచినీళ్ళ కుండలు మాత్రం రెండు ఉండేవి. అది కూడా చెప్పాలి, దాచకూడదు.

మా అందరికీ పెద్ద కోటమ్మత్త. నలభై దాటిన మనిషి, రూపాయి కాసంత బొట్టు, పొద్దున వస్తూనే ఆకు కుప్పని వాసన చూసి ఏ ఊరి చేలో పండిందో చెప్పేది. ఆవిడ పెట్టిన రివాజు ఒకటుంది. పనిలో కూర్చునే ప్రతి మనిషీ మెడ దగ్గర్నుంచి మోకాళ్ళ దాకా తెల్లటి కోరా గుడ్డ కట్టుకోవాలి. చలువ చెయ్యని ముతక గుడ్డ అది, మెడ దగ్గర గీరుకునేది. "ఆకు రంగు చూసేదానివి, నీ చీర రంగు దాని మీద పడనిస్తే ఎట్టాగే?" అనేది. ఆ మాట మేమెవరం నమ్మేవాళ్ళం కాదు. పెద్దామె చాదస్తం అనుకునేవాళ్ళం. మా ఇళ్ళల్లో అయితే రోజూ యుద్ధమే. ముత్తయిదువలు తెల్లగుడ్డ చుట్టుకోవడమేమిటని అత్తలు దెప్పేవాళ్ళు. మా నాయనమ్మ సరేసరి. "పెళ్ళి కావాల్సిన పిల్లవి, ఆ ముండగుడ్డ నా కంటపడనీకు" అని గుమ్మంలోనే విప్పించి వాకిట్లో పడేయించేది. కోటమ్మత్త మాత్రం ఎవరికీ జడిసేది కాదు. పుస్తెలతాడు బయటికి తీసి తెల్లగుడ్డ మీద అందరికీ కనపడేలా వేసుకుని, ఎవరన్నా నవ్వితే, "మా ఆయన గుండ్రాయిలా ఉన్నాడమ్మా, చూడాలంటే సాయంత్రం రండి, బండి తోలుకుంటా వస్తాడు" అనేది.

ఆ ఏడు మా షెడ్డుకి కొత్త మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మనిషి చెడ్డవాడని చెప్పను. పని చేసే చోటు కళకళలాడుతుండాలని ఆయన నమ్మకం. మొదటి రోజు షెడ్డులోకి వచ్చి ముప్ఫై తెల్లగుడ్డల్నీ చూసి ముక్కు చిట్లించుకున్నాడు. "ఇదేమిటి, విధవల సత్రంలా ఉంది? ఓడల్లో సీమకి సరుకు పంపే పెద్ద కంపెనీ వాళ్ళు చూడటానికి వస్తున్నారు. ఈ వేషాలతోనా వాళ్ళకి కనపడేది?" అన్నాడు. షెడ్డు యజమాని షావుకారుగారితో మాట్లాడి అందరికీ ఒకే రకం చీరలు తెప్పించాడు. మిరప్పండు ఎరుపు. కంపెనీ వాళ్ళు వచ్చేదాకా రోజూ అవే కట్టుకోవాలి, పైన ఏ గుడ్డా ఉండకూడదు.

కోటమ్మత్త లేచి నిలబడింది. "అయ్యా, చీరలిచ్చారు, సంతోషం. పండక్కి కట్టుకుంటాం. పనిలో ఆ ఎరుపు పనికిరాదండీ. కళ్ళని మోసం చేస్తది" అంది. ఆయన నవ్వాడు. "చీర కట్టుకునేది ఒంటికమ్మా, కళ్ళకి కాదు. మీలో ఎవరికి ఆ గోనెగుడ్డ ఇష్టమో చెయ్యెత్తండి" అన్నాడు. కోటమ్మత్త తప్ప ఎవరూ ఎత్తలేదు. అప్పుడు అందరికంటే ముందు లేచి మెడ వెనక ముడి విప్పి ఆ కోరా గుడ్డని బల్ల మీద పడేసిన మనిషిని నేనే. నన్ను చూసి మిగతావాళ్ళూ విప్పారు. మేనేజరు నా పేరు అడిగాడు. "రాజ్యమండీ" అన్నాను. "చదువుకున్నట్టున్నావే" అన్నాడు. ఆ మాటకి నేను పొంగిపోయాను. కోటమ్మత్త నా వైపు చూసింది. ఈ రాత చదివేవాళ్ళు నన్నేదో వీరనారి అనుకుంటారేమోనని ఈ సంగతి ముందే చెబుతున్నాను.

పది రోజులు కట్టుకున్నాం ఆ చీరలు. ఒట్టు, అంత సంతోషంగా నేనెప్పుడూ పనికి వెళ్ళలేదు. రోడ్డున పోయే బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూసేవాళ్ళు. నాయనమ్మ కూడా మెటికలు విరిచింది. మూడో రోజున కోటమ్మత్త మాత్రం, "ఏందో తేడాగా ఉందే" అని ఒక్కో కట్టనీ పట్టుకుని గుమ్మం బయటికి వెళ్ళి ఎండలో చూసి రావడం మొదలుపెట్టింది. అలా తిరుగుతుంటే పని వెనకబడుతుందని మేనేజరు ఆపించాడు. కూర్చున్న చోటు నుంచి లేవకూడదన్నాడు. ఆవిడ కూర్చుంది.

పదో రోజు కంపెనీ వాళ్ళు ఇద్దరు వచ్చారు. ఆకు కట్టలు పేర్చి బిగించిన బేళ్ళు ఎండలోకి మోయించి విప్పించారు. మొదటి బేలులో పైనే పచ్చ చాయ ఆకు. రెండో దాంట్లోనూ అంతే. మూడోది విప్పి చూసి, చేతులు దులుపుకుని కారెక్కి వెళ్ళిపోయారు. మేనేజరు మొహం మాడిపోయింది. అక్కడే, విప్పిన బేళ్ళ మధ్య, మా అందరి ముందూ, మోతకూలీల ముందూ, రోడ్డు మీద ఆగిన బళ్ళవాళ్ళ ముందూ కోటమ్మత్తని పట్టుకుని, "ఎవడి ఉప్పు తిన్నావే? ఎవడికి అమ్ముడుపోయి నా సరుకు పాడుచేశావు? తెల్లగుడ్డ తీయించానని కడుపులో పెట్టుకుని కావాలనే కలిపావు కదూ!" అన్నాడు. పన్నెండేళ్ళు ఆకు చూసిన మనిషి ఆవిడ. ఒక్క ఆకు తప్పు పడనివ్వలేదని షావుకారే చెప్పుకునేవాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఏడవలేదు. ఎర్రచీరలో ఆ మొహం పాలిపోయి కనిపించింది. రేపు పొద్దున్నకల్లా తప్పు నాదేనని కాగితం మీద వేలిముద్ర వేస్తే పని ఉంటుంది, లేకపోతే గుమ్మం ఎక్కొద్దన్నాడు.

ఇంటికి వచ్చి గడప మీద కూర్చున్నాను. ముద్ద దిగలేదు. నాన్న మగ్గం గుంటలోంచి, "ఏందమ్మా?" అన్నాడు. అంతా చెప్పాను, ముడి ముందు విప్పింది నేనేనని కూడా చెప్పాను. ఆయన పైకి వచ్చి, దండెం మీది తెల్ల పంచె తీసి పరవమన్నాడు. లేతాకుపచ్చ నూలు చిలప ఒకటి తెమ్మన్నాడు. "ముందు నీ చీర కుచ్చిళ్ళ మీద పెట్టి, ఎర్రకొంగు దాని మీదికి పట్టుకుని చూడు. ఏం రంగు?" అన్నాడు. చూశాను. "పసుపు పచ్చగా ఉంది నాన్నా." "ఇప్పుడు పంచె మీద పెట్టు." పెట్టాను. పచ్చదనం కళ్ళకి కొట్టొచ్చినట్టు కనపడింది. నాన్నకి ఆ చిలపే సరిగా కనపడటం లేదు. అయినా అయ్యో అన్న నా గొంతు విని తెలుసుకున్నాడు. "ఆ తల్లి చెప్పిందీ ఇదే గదంటే. నువ్వు నేతోడి కడుపున పుట్టి కూడా వినకపోతివి" అన్నాడు. నా జీవితంలో నాన్న నన్ను అన్న పెద్ద మాట అదే. సిగ్గుతో చచ్చిపోయాను.

పొద్దున్నే కావాలనే ఆ ఎర్రచీర కట్టుకుని షెడ్డుకి వెళ్ళేసరికి మేనేజరు నా కోసమే చూస్తున్నాడు. బల్ల మీద కాగితం, పెన్ను సిద్ధంగా ఉన్నాయి. "రావమ్మా రాజ్యం. కోటమ్మే చెబుతున్నట్టుగా రాయి. నేను బుద్ధిపూర్వకంగా ఆకు కలిపాను, క్షమించండి, అని. ఆవిడ వేలిముద్ర వేస్తుంది. రేపటి నుంచి బల్లలకి పెద్దవి నువ్వే" అన్నాడు. ఆ ఆశ నాకు కలగలేదంటే అబద్ధం. ఒక్క క్షణం కలిగింది. గోడ పక్కన కోటమ్మత్త నిలబడి ఉంది, మిగతావాళ్ళంతా చూస్తున్నారు. నేను పెన్ను ముట్టుకోకుండా కుప్పలోంచి పచ్చ చాయ ఆకు ఒకటి తీసి, నా కుచ్చిళ్ళ మీద పెట్టి, ఎర్రకొంగు దాని మీదికి పట్టి ఆయనకి చూపించాను. "ఏం రంగండీ?" అన్నాను. "నిమ్మపండు రంగు" అన్నాడు. అదే ఆకుని ఆయన సొంత తెల్లచొక్కా మీద పెట్టాను. ఆయన తల వంచి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. ఆయనకి అర్థమైంది. అర్థమైందని మా అందరికీ అర్థమైంది.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని! ఆయన ఆకు పక్కన పెట్టి గొంతు తగ్గించి, "సరేలే, ఏదో అయింది. కానీ షావుకారుగారికి నేను ఏదో ఒక కాగితం చూపించాలిగా. ఆవిడ వేలిముద్ర వేస్తే పోయేదేముంది? పని ఎలాగూ ఉంటుంది" అన్నాడు. అప్పుడొచ్చింది నాకు కోపం. తెలియక అన్న మాటకి అంత రాలేదు, తెలిసీ కాగితం అడిగినందుకు వచ్చింది. పెన్ను తీసుకుని రాశాను. "ఆకు కలవడానికి కారణం ఎర్రచీరలు. అవి కట్టమన్నది మేనేజరుగారు. వద్దని చెప్పింది కోటమ్మ. ఆవిడ మాట వినకుండా మొదట గుడ్డ విప్పింది నేను" అని రాసి, కింద సంతకం పెట్టి, అందరికీ వినపడేలా చదివాను. ఆయన లాక్కుని నాలుగు ముక్కలు చేశాడు. కోటమ్మత్త గోడ దగ్గర్నుంచి వచ్చింది. "నా వేలు నా దగ్గరే ఉంటది లెండి" అని గుమ్మం దిగిపోయింది. ఆవిడ వెనక నేను. మా వెనక ఒక్కొక్కరుగా ఇరవైఎనిమిది మంది. ఎవరూ ఎవర్నీ పిలవలేదు.

ఆ రోజుల్లో ఆడవాళ్ళు నోరెత్తేవాళ్ళు కాదని ఇప్పుడు చాలామంది రాస్తున్నారు, సభల్లో చెబుతున్నారు. వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మీరెక్కడ చూశారు బాబూ? మాకు యూనియను లేదు, జెండా లేదు, చట్టం పేరు కూడా తెలియదు. ఇంటికి వెళితే కసురుకునే మొగుళ్ళూ అత్తలూ ఉన్నారు. రేపు కుండ ఎలా కాగుతుందో తెలియదు. అయినా లేచి వచ్చాం. మా మనవరాలు ఆ అద్దాల మేడ చూపించిన సాయంత్రమే ఒక సంగతి చెప్పింది. వాళ్ళ పైఅధికారి తన తప్పుకి దీన్ని పదిమందిలో నానా మాటలూ అన్నాడట. తర్వాత నిజం తెలిసి, ఫోనులో విడిగా సారీ అని మెసేజి పెట్టాడట. మా పిల్లేమో ఫర్వాలేదులెండి అని జవాబిచ్చిందట. "నలుగురిలో తిట్టి చెవిలో సారీ చెబితే ఫర్వాలేదా?" అని అడిగాను. "ఇప్పుడంతా అంతే అమ్మమ్మా, పెద్దది చేస్తే మన యాటిట్యూడ్ బాగోలేదంటారు" అంది. గౌరవం అనే మాటని మనిషంత ఎత్తున గోడకి ఎక్కించి, మనిషిని మాత్రం నేల మీద వదిలేశారు. మా కాలం గొప్పదని నేననను. మంచినీళ్ళ కుండలు రెండున్న కాలం అది. కానీ మాకు కోపం వచ్చేది, ఆ కోపాన్ని దాచుకోవాలని మాకెవరూ పాఠాలు చెప్పలేదు.

షెడ్డు రెండు రోజులు ఖాళీగా ఉంది. మూడో రోజు తెల్లవారుజామునే తేమగాలి లేచింది. మా ఇంట్లో మగ్గం మీది పోగులు కూడా చల్లగా తగిలాయి. విప్పిన బేళ్ళ ఆకంతా షెడ్డులో కుప్పలు పడి ఉంది. అది తడి పీల్చి మెత్తబడి, లోపల్లోపల వేడెక్కుతుందని మాకు తెలుసు, షావుకారుగారికీ తెలుసు. పొద్దెక్కేసరికి ఆయన గుర్రబ్బండి కోటమ్మత్త ఇంటి ముందు ఆగింది. అప్పటికి మేం పది పదిహేనుమందిమి ఆ అరుగు మీదే ఉన్నాం. కోటమ్మత్త భర్త బండి ఇరుసుకి కందెన పెట్టుకుంటున్నాడు. షావుకారు ఆయనతో, "ఏమయ్యా, మీ ఆడమనిషికి నచ్చజెప్పు. ఆకు మగ్గిపోతోంది" అన్నాడు. ఆయన కందెన చేతులు తుడుచుకోకుండానే, "పని చేసేది అదండీ. నన్నడుగుతారేంది, దాన్నే అడగండి" అని మళ్ళీ చక్రం వైపు తిరిగాడు. మొగుడంటే అలా ఉండాలని నేనప్పుడే అనుకున్నాను. నాకు దొరకలేదు, అది వేరే కథ.

షావుకారు కోటమ్మత్త వైపు తిరిగాడు. "కాగితం మాట మర్చిపో కోటమ్మా. ఎవరూ ఏమీ రాయక్కర్లేదు. పదండి పనికి" అన్నాడు. నిజం చెప్పాలంటే మాకు ప్రాణం లేచొచ్చింది. ఇద్దరు ముగ్గురు అప్పుడే కొంగులు దోపారు. కోటమ్మత్త కదల్లేదు. "కాగితం మీరు మర్చిపోతారండీ. నన్ను అమ్ముడుపోయానన్నాడే, ఆ మాట ఎవరు మర్చిపోవాల? ఆ బళ్ళోళ్ళు మర్చిపోతారా? మా ఆయన ఆ బళ్ళెనకే బండి తోలాల" అంది. "అయితే ఏమంటావ్? ఆయన చేత నీ కాళ్ళు పట్టించమంటావా?" అన్నాడు షావుకారు, కాస్త వేడిగానే. "కాళ్ళెందుకండీ నాకు? అన్నది నోటితో. నోటితోనే ఎనక్కి తీసుకోమనండి. అందర్లో అన్నాడు, అందర్లోనే చెప్పమనండి. అప్పుడొస్తాం. లేదంటే ఆకు మగ్గితే మగ్గనీండి" అంది. ఆకంటే ప్రాణం ఆవిడకి. ఆ చివరి మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమయిందో పక్కన కూర్చున్న నాకు తెలుసు. షావుకారు కాసేపు తేమగాలి వైపు మొహం పెట్టి నిలబడి, బండెక్కాడు.

మేం వెళ్ళేసరికి మేనేజరు షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. షావుకారు పక్కన కుర్చీలో కూర్చున్నాడు. మోతకూలీలు వచ్చారు. రోడ్డు మీద రెండు బళ్ళు ఆగాయి, ఆపించింది కోటమ్మత్త భర్తే. మేం లోపలికి వెళ్ళి ఎవరి బల్ల దగ్గర వాళ్ళం నిలబడ్డాం, కూర్చోలేదు. షెడ్డంతా ఆకు ఘాటు. ఎవరూ తుమ్మలేదు కూడా. మేనేజరు నేల చూపులు చూస్తూ, "కోటమ్మా, మొన్న నేనన్న మాట తప్పు. నువ్వు అమ్ముడుపోలేదు. ఆకు కలవడం నీ తప్పు కాదు, చీరలు కట్టించిన నాది" అన్నాడు. గొంతు బాగా చిన్నదిగా ఉంది. కోటమ్మత్త, "నాకు వినపడిందండీ. ఎనక బల్లోళ్ళకి వినపడిందో లేదో" అంది.

వెనక బల్ల మాది. ఆయన తలెత్తి మా వైపు చూశాడు. మేం ఆరుగురం కూడబలుక్కున్నట్టు తలలు అడ్డంగా ఊపాం. ఆయన గొంతు సవరించుకుని, ఈసారి రోడ్డు మీది బళ్ళవాళ్ళకి కూడా వినపడేలా మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు.

నాకు మొదటిసారే వినపడింది.